గండిపేట నీళ్లు

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదలడని మన పెద్దలనేవారు. ఆ జలాశయానికి మూలం మాత్రం వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1909లో నిజాం ప్రభుత్వం పిలవగా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నగరానికి ఎగువన ఆనకట్టలు కట్టమన్నారు. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఊరికి మంచినీళ్లూ అవే అయ్యాయి.

అయితే వరదను ఆపే చెరువు వరద మురికినీ ఆపుతుంది గదా! కుండపోత కురిస్తే మట్టి, పేడ, ఎరువులు అందులోకే చేరతాయి. మట్టి రేణువుల చాటున సూక్ష్మజీవులు దాక్కుంటాయి, క్లోరిన్ కలిపినా ఒక పట్టాన చావవు. అందుకే ముందు పటికతో తేర్చి, ఇసుకలో వడగట్టాలి. మా అమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేది. సూత్రం అదే గాని, తేరినంత మాత్రాన సరిపోదు, కాచుకోవలసిందే. కరువులో మరో తంటా: నీరు తగ్గి, వేడెక్కి, నాచు పెరిగి వాసన వేస్తుంది.

1996 మార్చి 8న వచ్చిన 111వ జీవో ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా పరిశ్రమలు, పెద్ద భవంతులు కూడదంది. ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి, ఇంత సూటి జీవోలు అరుదుగా చూశాను. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో, నీటి నాణ్యత చెడరాదన్న షరతు పెట్టి, ఆ ఆంక్షలను తొలగించింది. 2020 అక్టోబరులో హిమాయత్ సాగర్ గేట్లెత్తించిన వానలాంటిదే మళ్లీ వచ్చి, అప్పటికి ఎగువన పొలాలకు బదులు కాలనీలుంటే, జలాశయంలోకి దిగేది డ్రైనేజీ నీరే.