హురుమంజి: తెలుగు కావ్యమున నిలిచిన ద్వీపనగరము

రూపనగుడి మొదలైన బళ్లారి సీమ గ్రామములనుండి హంపికి పోవువారు హజారరామాలయ ప్రాకారముపై వరుసగా నడచుచున్న గుఱ్ఱములను చూతురు. అట్టి గుఱ్ఱములు ఏ రేవున ఓడయెక్కినవో శిల చెప్పదు. శ్రీనాథుడు చెప్పినాడు. హరవిలాసావతారికలో కొండవీటి రెడ్డిరాజుల కాలమునాటి అవచివారి వర్తకమును వర్ణించుచు, సింహళమునుండి ఏనుగులును, హురుమంజినుండి గుఱ్ఱములును వచ్చెడివనెను. కప్పలి, జోంగు మొదలైన ఓడల పేర్లును అచ్చటనే కలవు. దీనిని కేవలము కవుల అతిశయోక్తిగా నెంచి దాటిపోవుట తగదు. హురుమంజి యనగా పారశీక సింధుశాఖ ముఖద్వారమున నున్న హోర్ముజు.

ఆ పట్టణము తొలుత ప్రధానభూమి తీరముననే యుండెను. క్రీ.శ. 1300 ప్రాంతమున దండయాత్రల బాధకు తాళలేక పాలకులు ఎదుటి జరూను దీవికి తరలిపోయిరి. దీవిలో పైరు లేదు. సమృద్ధిగా నున్నది ఉప్పొక్కటే. త్రాగునీటిని సయితము పడవలపై తెచ్చుకొనవలసినదే. అయినను సింధుశాఖలోనికి పోవు ఓడలకు అది ద్వారమగుటచే, నీరు పుట్టని చోట ధనము పుట్టినది! 1442లో షారుఖు రాయబారి అబ్దుల్ రజాకు అచ్చట ఈజిప్టు, సిరియా, చీనా, వంగదేశముల వర్తకులుందురని వ్రాసెను. అతని పరివారమును గుఱ్ఱములను రెండు ఓడలలో నెక్కించిరి. కాని బయలుదేరుటలో జాగుచేయగా గాలికాలము మించిపోయి, మస్కటు ప్రాంతమున ఎండకు మాడుచు నెలల తరబడి నిలిచిపోవలసివచ్చెను. పిదప 18 దినములలో కల్లికోట చేరి, 1443లో రెండవ దేవరాయల కొలువునకు వచ్చెను.

ఇట్టి ప్రయాణమున గుఱ్ఱములెన్నియో దారిలోనే చచ్చెడివి. సాళువ నరసింహుడు వేయి వరహాలకు మూడేసి చొప్పున కొనుచు, సముద్రముపై చచ్చినవాటి తోక చూపినను వెలయిచ్చెడివాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసెను. వినుటకు వింతయే గాని, ఇందు రాజనీతి యున్నది: నష్టభయము లేని బేరగాడు మరుసటి యేడును వచ్చును. కృష్ణదేవరాయలు ఏటేట కొనిన గుఱ్ఱములు, హోర్ముజువి దేశవాళీవి కలసి, 13,000 అనియు నూనిజే చెప్పెను. ఆ రాయలే ఆముక్తమాల్యదలో రేవుల రక్షణమును, గుఱ్ఱములు శత్రువులకు చేరకుండునట్లు దూరద్వీపవర్తకులను ఆదరింపవలసిన తీరును బోధించెను.

పోర్చుగీసులు 1510లో గోవాను, 1515లో హోర్ముజును పట్టుకొనిరి. గుఱ్ఱము ఓడయెక్కు రేవును, దిగు రేవును ఒకే చేతిలో పడెను. 1622లో షా అబ్బాసు ఆంగ్లేయుల ఓడల సాయమున దీవిని గెలిచెను. వర్తకము ఎదుటి తీరమందలి బందరు అబ్బాసునకు తరలెను.