బ్రహ్మవాదినులు – శాస్త్రాధికారము



ముప్పదియైదేండ్ల క్రిందట నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు, సంస్కృతములు బోధించుచుండెడివాడను. ఉదయము బడివేళకు ముందు మా యింటి అరుగుమీద నలుగురైదుగురు బాలురకు పురుషసూక్తము చెప్పుట వాడుక. ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె వచ్చి తానును నేర్చుకొందుననెను. "ఆడుపిల్లలకు శాస్త్రమొప్పదమ్మా" అంటిని. "ఏ శాస్త్రము, మాష్టారూ?" అని ఆమె యడిగెను. నాకు కోపము వచ్చినది, పంపివైచితిని. నిజము చెప్పవలెనన్న, ఆనాడు నాయొద్ద సమాధానము లేదు. పెద్దలు చెప్పగా విన్నమాటయే కాని గ్రంథము విప్పి చూచిన మాట కాదది. ఉద్యోగవిరమణము తరువాత తీరిక దొరకి విప్పి చూచితిని. చూచినది మీకు విన్నవింతును.

బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయమున జనకుని సభ యున్నది. విదేహరాజు వేయి గోవులను నిలిపి, ఒక్కొక్కదాని కొమ్ములకు పదేసి పాదముల బంగారము కట్టించి, మీలో బ్రహ్మిష్ఠుడెవడో వాడు తోలుకొనిపోవచ్చుననెను. యాజ్ఞవల్క్యుడు శిష్యునిచేత తోలించెను. సభవారు కినిసి ఒకరి తరువాత ఒకరు ప్రశ్నింపసాగిరి. వారిలో గార్గి రెండుమారులు ప్రశ్నించెను. మొదటిమారు, ఇక నడుగకుము, నీ తల రాలునని ఋషి వారించెను. స్త్రీ హద్దు మీరరాదని శ్రుతియే శాసించినదనుటకు కొందఱు ఈ మాటనే చూపుదురు. కాని తల రాలునన్న హెచ్చరిక శాకల్యునకును జరిగినది. అతడు పురుషుడే. గార్గి ఊరకుండెను, శాకల్యుని తల నిజముగనే రాలినది!

రెండవమారు ఆమె సభవారి అనుమతి గొని, నా రెండు ప్రశ్నలకు ఇతడు బదులు చెప్పెనేని, బ్రహ్మవాదమున ఇతనిని గెలువగలవాడు మీలో లేడని ముందుగనే పలికెను. అక్షరబ్రహ్మమును గూర్చిన గొప్ప ఉపదేశము ఆమె ప్రశ్నకు వచ్చిన బదులే. అది విన్నపిమ్మట, ఒక్క నమస్కారముతో బయటపడితిరేని అదియే పదివేలని సభకు తీర్పు చెప్పెను. కురుపాంచాల బ్రాహ్మణులలో ఒక్కడైనను "నీకేమి యధికారము?" అని యడిగినట్లు శ్రుతిలో లేదు.

ఆ యుపనిషత్తులోనే ఆఱవ అధ్యాయము చివర సంతానము గోరువారికి విధులు కలవు. పండితురాలును పూర్ణాయుష్మతియు నగు కూతురు కావలెనను దంపతులు నువ్వులతో అన్నము వండించి నేతితో భుజింపవలెను. మాట తేటగానే యున్నది. శంకరభగవత్పాదులు దీనికి భాష్యము వ్రాయుచు, కూతురి పాండిత్యమనగా గృహకృత్యములందలి నేర్పేయనిరి. వేదమున ఆమెకు అధికారము లేదు గనుక అని హేతువు చెప్పిరి. తరువాతి వాక్యమున కొడుకు పండితుడు కావలెనన్నచోట ఈ సంకోచము లేదు. నేను అద్వైతిని; దినమును ఆచార్యులకు మ్రొక్కి కాని అన్నము ముట్టను. అయినను మూలమున గృహకృత్యమను మాట లేదని చెప్పక తప్పదు. అనధికారమను నియమమును సిద్ధముగ గైకొని, దానికి విరోధము రాకుండ వాక్యమును సమన్వయించిరి. ఇది మోసము గాదు. రెండు మాటలు పొసగనప్పుడు ఒకదానిని నిలిపి రెండవదానిని వంచుట వ్యాఖ్యాతలందఱి పద్ధతియే. ఏది నిలుపవలెను, ఏది వంపవలెను అనుటయందే యున్నది చిక్కంతయు.

పూర్వమీమాంసలోని చర్చ నాకు మిక్కిలి నచ్చినది. స్వర్గకాముడను పదము పుంలింగము గనుక యాగము పురుషులకేయని ఐతిశాయనుడనెను. జైమిని ఒప్పుకొనలేదు. ఆ లింగము వివక్షితము గాదు, స్వర్గము గోరుట స్త్రీపురుషులకు సమానమని, బాదరాయణుని పేరు చెప్పి మరీ నిర్ణయించెను. ఇట్లు ద్వారము తెరచి, మరల సగము మూసెను. భర్తతో గూడి స్త్రీకి యాగాధికారమున్నను, ఆమెకని విధించినంతవఱకే ఆమె చేయవలెను, ఇద్దఱును సమానులు గారు గనుక అనెను. సమానులెట్లు గారు? శబరస్వామి చెప్పిన కారణము వినుడు: భర్త చదివినవాడు, భార్య చదువనిది. చదువు లేనందున అధికారము లేదు, అధికారము లేనందున చదువరాదు! పాఠశాలలో ఏ కుఱ్ఱవాడైన నిట్టి సమాధానము వ్రాసినయెడల నేను గుండుసున్న వేసియుందును.

హారీతస్మృతి స్త్రీలను రెండు తెగలుగ చెప్పినది: బ్రహ్మవాదినులు, సద్యోవధువులు. మొదటివారికి ఉపనయనము, అగ్నికార్యము, వేదాధ్యయనము, తమ యింటనే భిక్ష. 14వ శతాబ్దమున విజయనగరమందలి మాధవాచార్యులు పరాశరస్మృతికి వ్యాఖ్య వ్రాయుచు ఈ వాక్యమును దాచలేదు. ఎత్తి చూపి, అది కల్పాంతరమునకు సంబంధించినదని తీర్చిరి. మనమందఱము దేవీపూజలో చదువు దేవీసూక్తమునకు ద్రష్ట అంభృణుని కూతురగు వాక్కు. అదియు కల్పాంతరపు మాటయే కాబోలు, కాని నేటికిని దానినే చదువుచున్నాము.

మన తెలుగునాట తరిగొండ వెంగమాంబ సంగతి మీరెఱుగనిది కాదు. బాల్యముననే భర్తను గోల్పోయెను. ఆమె కేశములు తీయించుకొననందున ఒక పీఠాధిపతి విచారింప వచ్చెననియు, ఆమె యెదురు నిలిచి వాదించెననియు ఐతిహ్యము. ఐతిహ్యము నట్లుంచుడు, గ్రంథములు మనయెదుటనే యున్నవి. వాసిష్ఠరామాయణమును, భాగవతమును ద్విపదలో వ్రాసి, వేదాంతార్థమును తెలుగున చెప్పినది. ఆమెను గురువుగ భావించి కొలిచినవారు కలరు. 1817లో తిరుమలలోనే సిద్ధి పొందినది. నేటికిని స్వామి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి. ఆ హారతి కనుల కద్దుకొనునప్పుడు ఎవరును శబరభాష్యము తలపరు.

మొన్న మాఘమాసమున ఆనాటి బాలిక మా యింటికి వచ్చెను. ఇప్పుడామె యొక కళాశాలలో సంస్కృతోపన్యాసకురాలు. నీ ప్రశ్నకు బదులు బాకీపడితినమ్మా అంటిని. "బదులు తరువాత, మాష్టారూ. ముందు పాఠము చెప్పండి" అని అరుగుమీద కూర్చుండెను. ఆ ఉదయము మొదటి రెండు మంత్రములైనవి. స్వరము నాకన్న ఆమెదే మేలు.