ఎవరు ఆగాలి?

1905లో న్యూయార్క్ కొలంబస్ సర్కిల్ దగ్గర బళ్లన్నీ ఒకే వైపుగా చుట్టు తిరిగి పోవాలనే పద్ధతి మొదలైంది. విలియం ఫెల్ప్స్ ఈనో ఆలోచన అది. రెండేళ్లకు యూజీన్ ఎనార్ సూచనతో పారిస్‌లో పన్నెండు అవెన్యూలు కలిసే ఎత్వాల్ కూడలికీ అది పాకింది. ఎదురెదురుగా గుద్దుకునే బెడద తగ్గింది. ఒక ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది: ఆగాల్సింది లోపల తిరుగుతున్న బండా, కొత్తగా వచ్చే బండా?

చాలాచోట్ల కొత్తగా వచ్చేవాడికే ముందు దారి. బళ్లు పలచగా ఉన్నన్నాళ్లూ దీనితో ఇబ్బంది లేదు. రద్దీ పెరిగాక అసలు చిక్కు బయటపడింది. లోపలున్న బండి దారిచ్చి ఆగుతుంది, దాని వెనకవీ ఆగుతాయి. ఆ వరస పెరిగి పక్క రోడ్డులోకి వెళ్లే మలుపును మూసేస్తుంది. బయటపడాల్సినవాడు బయటపడలేడు, వాడు కదిలితే తప్ప లోపలివాడు కదలడు. సర్కిల్ మొత్తం బిగుసుకుపోతుంది.

ఇంజినీర్లు దీనికి కనిపెట్టిన మందు సర్కిల్‌ను పెంచడం. చుట్టు పెద్దదైతే బళ్లు ఒకదాని వరసలో ఒకటి కలిసి విడిపోవడానికి చోటుంటుందని లెక్క. చోటుతో పాటు వేగమూ పెరిగింది, ప్రమాదాలూ పెరిగాయి. అమెరికన్లకు విసుగొచ్చింది. 1920ల నుంచి సర్కిళ్లు కట్టుకుంటూ వచ్చిన న్యూజెర్సీ కూడా తర్వాత వాటిలో చాలావాటిని తవ్విపారేసింది.

దారి దొరికింది బ్రిటన్‌లో. అక్కడి ప్రభుత్వ రోడ్డు పరిశోధన శాలలో పనిచేసిన ఫ్రాంక్ బ్లాక్‌మోర్ ఒకప్పుడు వైమానిక దళంలో ఉన్నవాడు. కాగితం మీద లెక్కలతో సరిపెట్టుకోకుండా నడిరోడ్డు మీదే ప్రయోగాలు చేసే రకం. అలాంటి ప్రయోగాల తర్వాత 1966 నవంబరులో కొత్త నిబంధన వచ్చింది: సర్కిల్‌లోకి వచ్చేవాడు తన కుడివైపు నుంచి తిరిగొచ్చే బండికి దారివ్వాలి. తట్టెడు మట్టి ఎత్తే పని లేదు. రోడ్డు మీద ఒక గీత, పక్కన ఒక బోర్డు చాలు.

అక్కడితో ఆగలేదు. లోపలి బళ్లు ఆగనవసరం లేనప్పుడు అంత పెద్ద చుట్టు మాత్రం ఎందుకు? బ్లాక్‌మోర్ బృందం మధ్య దిమ్మెను కుదించి, లోపలికి వచ్చే దారులను వెడల్పు చేసింది. కుదించగా కుదించగా చివరికి దిమ్మె పోయి, రోడ్డు మీద తెల్లరంగు వేసిన గుండ్రటి మచ్చ మిగిలింది. అదే మినీ రౌండబౌట్. రద్దీ పెరిగితే స్థలం పెంచాలనే నమ్మకాన్ని ఇంత చక్కగా తలకిందులు చేసిన పని రోడ్ల చరిత్రలో మరొకటి కనబడదు.

దాని పరాకాష్ఠ ఇంగ్లండ్‌లోని స్విండన్ పట్టణం. 1972లో అక్కడ ఐదు రోడ్లు కలిసేచోట ఐదు మినీ రౌండబౌట్లు, వాటి నడుమ అపసవ్యంగా తిరిగే ఆరో వలయం ఏర్పాటు చేశారు. మొదట్లో రంగులు శాశ్వతంగా వేయలేదు. బళ్ల తీరు చూసి గుర్తులను అటూ ఇటూ జరుపుకునేందుకు అలా వదిలారు. ఒక్కో చిన్న చుట్టు దగ్గర ఒక్కో పోలీసును నిలబెట్టి, జనం ఎలా నెట్టుకొస్తున్నారో గమనించారు. కొత్తవాళ్లు బయటి అంచునే పట్టుకుని చుట్టి పోవచ్చు, ఆనుపానులు తెలిసినవాళ్లు లోపలి వలయంలోంచి అడ్డదారిన పోతారు. చూడ్డానికి గందరగోళమే, కానీ యాభై ఏళ్లు దాటినా అది పనిచేస్తూనే ఉంది.

1980లలో ఫ్రాన్స్ లోపలి బండికి దారివ్వాలనే ఈ నిబంధనను అందుకుని రౌండబౌట్లకు పుట్టినిల్లనిపించేంతగా కట్టింది. ఎత్వాల్‌లో మాత్రం ఇప్పటికీ పాత పద్ధతే. నెదర్లాండ్స్‌లో 1990లలో ఫోర్టౌన్ అనే ఇంజినీరు టర్బో రౌండబౌట్ రూపొందించాడు. ఎటు పోవాలో ముందే తేల్చుకుని ఆ లేన్ పట్టాలి, లోపలికి వచ్చాక మారడానికి గట్లు అడ్డం. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు కార్మెల్ పట్టణం 1990ల నుంచి సిగ్నళ్లు తీసేస్తూ 150కి పైగా రౌండబౌట్లు కట్టుకుంది.

మన సర్కిళ్ల కథ వేరు. దిమ్మె కుదిద్దామంటే మధ్యలో విగ్రహం ఉంటుంది, దాన్ని అంగుళం జరపాలన్నా ఇంజినీరు కంటే ముందు నాయకులు రావాలి. అందుకే ఎక్కువచోట్ల సిగ్నళ్లో, విజయవాడ బెంజ్ సర్కిల్‌లోలా ఫ్లైఓవర్లో వచ్చాయి. 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నిబంధనలు సైతం రౌండబౌట్ బోర్డు ఉన్నచోట లోపలున్న బండికే ముందు దారి అన్నాయి. ఆ బోర్డు, దాని ముందు రోడ్డు మీద గీత మన ఊళ్లలో వెతుక్కుంటే తప్ప కనబడవు.