క్రిమియా పతకం

క్రిమియా యుద్ధంలో రష్యాపై పోరాడిన బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన వెండి పతకం. 1854 డిసెంబరులో విక్టోరియా రాణి మంజూరు చేసింది. లేత నీలి రిబ్బనుకు పసుపు అంచులు. ఆల్మా, ఇంకర్‌మన్ వంటి పోరాటాల పేర్లున్న పట్టీలు ఓక్ ఆకు ఆకారంలో ఉండేవి. మద్యం సీసాలకు తగిలించే పేరు బిళ్ళల్లా ఉన్నాయని సైనికులే వెక్కిరించారు.

గ్రహీతల్లో సర్ థామస్ ట్రౌబ్రిడ్జ్ (1815–67) ప్రత్యేకం. నెల్సన్ సహచరుడైన నౌకాదళాధిపతికి మనుమడు. 1854 నవంబరు 5న ఇంకర్‌మన్‌లో కుడి కాలు, ఎడమ పాదం పోయినా, మిగిలిన కాళ్ళను ఫిరంగి బండిపై ఆనించుకుని పోరు ముగిసేదాకా ఆజ్ఞలిస్తూనే ఉన్నాడు. 1855 మే 18న లండన్ హార్స్ గార్డ్స్ మైదానంలో చక్రాల కుర్చీలో వచ్చి రాణి చేతి నుంచి పతకం అందుకున్నాడు. ఆమె అతణ్ణి తన అంగరక్షక సహాయాధికారిగా నియమించింది. అది గౌరవ పదవే. అసలు పని ఆ తర్వాతది: యుద్ధశాఖలో సైనికుల దుస్తుల విభాగం చూశాడు.