కెండల్‌కు నచ్చని కెండల్ కథ

1947లో, తెల్లదొరలు మూటాముల్లె సర్దుకుంటున్న రోజుల్లో, ఒక ఇంగ్లిషు నాటక సమాజం మాత్రం మనదేశంలో ఊరూరా తిరిగింది. జెఫ్రీ కెండల్, ఆయన భార్య లారా లిడెల్ నడిపిన ఆ సమాజం పేరు ‘షేక్‌స్పియరానా’. సంస్థానాధీశుల కోటలైనా సరే, పిల్లల బడులైనా సరే, పిలిచినచోటల్లా ముఖానికి రంగు వేసుకున్నారు. ఆ సంచారమంతా కెండల్ డైరీ రాసుకున్నాడు. ‘షేక్‌స్పియర్ వాలా’ (1965) సినిమాకు ముడిసరుకు ఆ డైరీయే.

ఇస్మాయిల్ మర్చంట్ నిర్మాత, జేమ్స్ ఐవరీ దర్శకుడు. ఐవరీతో కలిసి స్క్రిప్టు రాసిన రూత్ ప్రవర్ ఝాబ్‌వాలా పుట్టింది జర్మనీలో, కాపురం ఢిల్లీలో. కథను వాళ్లు 1947 నుంచి అరవయ్యో దశకానికి జరిపారు. దాంతో రుచే మారిపోయింది. పిలిచే బడులు తగ్గాయి. ఒథెల్లో నాటకం నడుస్తుండగా హిందీ సినిమా తార మంజుల ఆలస్యంగా వస్తే, జనం వేదికకు వీపు తిప్పి ఆమె చుట్టూ మూగుతారు. మంజులగా వేసిన మధుర్ జాఫ్రీకి బెర్లిన్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది.

డబ్బు చాలక తీసింది నలుపు తెలుపులోనే. కెమెరా సుబ్రత మిత్ర, సంగీతం సత్యజిత్ రాయ్. ఈ ఇద్దరూ దొరికాక రంగులెందుకని నాకనిపిస్తుంది.

అసలు తమాషా పాత్రధారుల్లో ఉంది. నాటక దంపతులుగా కెండల్ దంపతులే వేశారు, కూతురుగా వాళ్ల చిన్నమ్మాయి ఫెలిసిటీ. ఆమె ప్రేమించే సంజు శశి కపూర్. నిజజీవితంలో శశి ఆ సమాజంలోనే నటుడిగా చేరి, పెద్దమ్మాయి జెనిఫర్‌ను 1958లో పెళ్లాడాడు. సినిమాలో ఆ ప్రేమ కుదరదు, అమ్మాయిని ఇంగ్లండ్ ఓడ ఎక్కిస్తారు. జెనిఫర్‌కేమో కొండ ఊళ్లో అతిథిగృహం నడిపే ఆవిడ వేషం! మహారాజుగా వేసిన ఉత్పల్ దత్ కూడా ఒకప్పుడు షేక్‌స్పియరానాలో ఆడినవాడే.

కెండల్‌కు ఈ కథ నచ్చలేదు. తాము ఓడిపోయి వెనుదిరిగినట్టు చూపించారని ఆయన బాధ. న్యాయమైన బాధే. ఐవరీ బృందానికి కావలసింది ఒక కాలం ముగింపు, కెండల్ రాసుకున్నది మాత్రం రోజూ తెర లేపిన మనిషి లెక్క. ఓటమిని ఒప్పుకోనివాడు ఓడినవాడి వేషం అంత నమ్మకంగా వేయడం చిన్న విషయం కాదు. 1986లో ఆత్మకథ వేసినప్పుడు దానికి పెట్టిన పేరు మాత్రం ‘ది షేక్‌స్పియర్ వాలా’.