సుర నుంచి 'డ్రై' దాకా: కొన్ని మాటల చరిత్ర

నా సర్వీసులో ఎక్కువ కాలం ఎక్సైజు సెక్షనులోనే గడిచింది గనుక, ఈ ప్రత్యేక సంచికకు ఆ సంగతే రాస్తున్నాను. మందు నేను ఎన్నడూ ముట్టలేదు. మా పెదనాన్న సారాకు బలైపోయిన నాటి నుంచి మా ఇంట ఆ మాటే ఎత్తేవారు కారు. నేను మాత్రం ఆ మాటలే రిజిస్టర్లలో రాసి పిల్లల్ని చదివించుకున్నాను.

ఈమధ్య విదేశంలో ఉన్న మనవడు ఫోనులో "తాతా, ద్రాక్షసారాయి సీసా మీద డ్రై అని ఉంటుంది. నీళ్ళలా ఉండేది పొడిగా ఎలా ఉంటుంది?" అని అడిగాడు. పుస్తకాలు తిరగేశాను. పండులోని పంచదార దాదాపు అంతా పులిసిపోయి తీపి మిగలకపోతే అది డ్రై అట. టానిన్ అంటే మన వగరే. నేరేడుపండు, వక్క నోటిని పట్టినట్టు పడుతుంది. బాడీ అంటే చిక్కదనం, పలచటి మజ్జిగకూ గడ్డపెరుగుకూ ఉన్నంత తేడా. మింగాక నిలిచే రుచి ఫినిష్. ఉసిరికాయ తిని నీళ్ళు తాగినవారికి వేరే చెప్పక్కర్లేదు.

ఈ మాటల పట్టిక మనకు కొత్త కాదు. మా రామతీర్థం గురుభక్తులకొండ మీద బౌద్ధారామపు శిథిలాలున్నాయి. బౌద్ధుల అయిదో శీలం సుర, మేరయ, మజ్జ అని పేరుపేరునా చెప్పి మరీ నిషేధించింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడున్నాడు, మా సూపరింటెండెంటు గారికి పూర్వీకుడన్నమాట. అందులో ద్రాక్షరసంతో చేసినది 'మధు'. అది పుట్టిన చోటును బట్టి కాపిశాయనం, హారహూరకం అన్నారు. కాపిశి నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోది. ఇప్పటి షాంపేన్, బోర్డో కూడా ఊళ్ళ, ప్రాంతాల పేర్లే కదా!

మా వైపు తాటికల్లుకు గంటకో రుచి. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. లొట్టి లోపల సున్నం రాస్తే పులియదు, అది నీరా. మా రిజిస్టర్లలో ఈ రుచులేవీ లేవు. చెట్ల సంఖ్య, లీటర్లు, డిగ్రీలు, అంతే. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. ప్రతిసారీ ఫారాలు మారాయి, డిగ్రీలు మారలేదు.

సీసా మీద 75 డిగ్రీల ప్రూఫ్ అంటే ఆల్కహాలు 42.8 శాతం. పూర్వం ఇంగ్లండులో తుపాకిమందును సారాయితో తడిపి నిప్పుపెట్టేవారు. అంటుకుంటే సరుకు గట్టిదని రుజువు, అంటే ప్రూఫ్. ఆ లెక్కన 100 డిగ్రీలంటే 57.1 శాతం.

అది చదువుతుంటే పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయన వేలు సారాలో ముంచి దీపానికి చూపేవాడట. నీలిమంట లేస్తే మంచి సరుకని నమ్మకం. మిథైల్ ఆల్కహాలు కలిసినా మంట నీలంగానే ఉంటుందని ఆయనకు చెప్పినవారు లేరు. ఆ సంగతి మనవడికి చెప్పాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తరువాత "ఆయన పేరేమిటి తాతా?" అన్నాడు.