మేకు లేని పడవ, పేరు లేని తండేలు

మన తూర్పు తీరంలో ఒక్క ఇనుప మేకు కూడా లేని పడవ ఒకటి ఉండేది. మూడు వందల ఏళ్ళకు పైగా అది కెరటాల మీద మనుషుల్ని, బట్టల మూటల్ని, గుర్రాల్ని, నాణేల పెట్టెల్ని ఒడ్డుకు చేర్చింది. దాని పేరు మసూలా పడవ. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి పాత బొమ్మల్లో, పాత ఫోటోల్లో సముద్రపు ఒడ్డు ఎక్కడ కనిపించినా నా కళ్ళు ముందు ఆ పడవనే వెతుకుతున్నాయి.

దాని పనితనం దగ్గరగా చూడాలి. పలకల అంచుల వెంట వరుసగా బెజ్జాలు వేస్తారు. రెండు పలకల్ని ఆనించి, అతుకు మీద కొబ్బరి పీచు చుట్ట పెట్టి, దాని మీదుగా పీచు తాడును అడ్డంగా, ఏటవాలుగా లాగి బిగిస్తారు. మా వైపు ఆడవాళ్ళు మోదుగాకుల్ని విస్తరిగా కుట్టినట్టే, చెక్కను చెక్కకు కుట్టేస్తారు. నీళ్ళలో పడగానే పీచు ఉబ్బి అతుకు మూసుకుంటుంది. లోపల పక్కటెముకల్లాంటి చట్రం ఉండదు. అందుకే కెరటం కొట్టినప్పుడు పడవ కాస్త వంగుతుంది, ఇసుకకు గుద్దుకున్నప్పుడు సాగుతుంది, విరగదు. మేకులు కొట్టిన గట్టి పడవ అదే దెబ్బకు పగిలిపోతుంది.

మా ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు నుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా ఈ కథలో మన ప్రాంతానికీ వాటా ఉంది. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలో, కోటిలింగాల ఉంది. శాతవాహనుల తొలి రాజుగా చెప్పే శ్రీముఖుడి నాణేలు అక్కడ దొరికాయి. వాటి మీది 'చిముక' అనే పేరును చదివి లోకానికి చెప్పిన వారిలో పి.వి. పరబ్రహ్మశాస్త్రి ముఖ్యులు. ఆ వంశంలోనే తర్వాతి వాడైన యజ్ఞశ్రీ శాతకర్ణి క్రీ.శ. రెండో శతాబ్దం చివర్లో సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడను అచ్చు వేయించాడు. ఆ ఓడ నాణేలు తూర్పు తీరంలో దొరుకుతాయి. ఏటి ఒడ్డున నాణేలు వదిలిన వంశం సముద్రపు ఓడను చేతిలో పట్టేంత బొమ్మగా మార్చి జనం చేతికిచ్చింది.

అక్కడి నుంచి పడవ బొమ్మల జాడ పలచబడుతుంది. అజంతా రెండో గుహలో ఒక ఓడ బొమ్మ ఉంది, పదిహేడో గుహలో సింహళంలో దిగే సేన ఉంది. ఆ గుహలూ ఉట్నూరూ ఒకప్పుడు ఒకే నిజాం రాజ్యంలోవి. పురావస్తు శాస్త్రవేత్త గులాం యజ్దానీ ఆ గుహల బొమ్మల్ని పెద్ద సంపుటాలుగా అచ్చు వేయించింది కూడా ఆ ప్రభుత్వం తరఫునే. తర్వాత 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టనని ఆ రాతిలో మాట ఇచ్చాడు. తీరం గురించి మన నేల మీద ఇంతకంటే ఉదారమైన మాట నేను చదవలేదు.

మళ్ళీ కంటికి బొమ్మ దొరికేది 1670లలో. థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు బంగాళాఖాతం చుట్టూ తిరిగి రాసుకున్న రాతప్రతిలో మసూలా పడవనూ, దుంగలు కట్టిన తెప్పనూ గీశాడు. అతను చిత్రకారుడు కాడు, గీతలు మొరటుగా ఉంటాయి. కానీ చూసింది చూసినట్టు పెట్టాడు.

అసలు పండుగ ఆ తర్వాతి రెండు శతాబ్దాలది. మద్రాసుకు అప్పట్లో ఓడరేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. ఒడ్డుకూ ఓడకూ మధ్య విరిగిపడే కెరటాల వరుసలు ఉండేవి. వాటిని దాటించగలిగింది మసూలా పడవ ఒక్కటే. గవర్నరైనా, సిపాయైనా, సీమ నుంచి కొత్తగా దిగిన దొరసానైనా అందులో కూర్చోవలసిందే. పది పన్నెండు మంది తెడ్లు వేస్తుంటే, పడవను నడిపించే తండేలు వెనక నిలబడి కెరటాన్ని చూసి వేళ చెప్పేవాడు. పక్కనే తెప్పల వాళ్ళు కాచుకుని వచ్చేవారు. ఎవరైనా నీళ్ళలో పడితే దూకి తీసేది వాళ్ళే. ప్రాణాలు కాపాడినందుకు వాళ్ళకు పతకాలు ఇచ్చిన రోజులున్నాయి. చిత్రకారులు థామస్, విలియం డేనియల్‌లు 1797లో అచ్చు వేసిన సెయింట్ జార్జి కోట చిత్రంలో కోట ముందున్న ఆ సముద్రం కనిపిస్తుంది.

1834లో జాన్ ఎడీ అనే ఓడల నిర్మాణ నిపుణుడు ఈ తీరపు పడవల కొలతలు రాసి ప్రచురించాడు. అతని లెక్కలో మసూలా పొడవు 30 నుంచి 35 అడుగులు, వెడల్పు 10, 11 అడుగులు. మన కోరంగి దోనె గురించీ రాశాడు. దాని పొడవు 70 అడుగులు. చిత్రకారులు కెరటాన్ని చూశారు, ఎడీ కుట్టును చూశాడు. పడవ చేసినవాడి తెలివి అతని రాతలోనే బాగా తెలుస్తుంది.

తర్వాత కెమెరా వచ్చింది. 1851లో వచ్చిన తడి గాజుపలక పద్ధతిలో ఒక ఫోటోకు కొన్ని సెకన్లు పట్టేది. అంతసేపు కెరటం ఆగదు కదా. అందుకే ఆ కాలపు ఫోటోల్లో సముద్రం పొగమంచులా తెల్లగా ఉంటుంది, ఒడ్డున కదలకుండా నిలబడిన మనుషులూ, ఇసుక మీదికి లాగిన పడవలూ స్పష్టంగా ఉంటాయి. బొమ్మల్లో నీళ్ళ మధ్య చిన్నగా కనిపించిన పడవ ఫోటోలో నిండుగా ముందుకొచ్చింది. 1880లలో పొడి పలకలు వచ్చాక కెమెరా కెరటాన్నీ పట్టగలిగింది. సరిగ్గా అప్పుడే మద్రాసులో ఓడరేవు లేస్తోంది. 1875లో పునాది పడింది, 1881లో తుఫాను చాలా మేరకు కొట్టేసింది, మళ్ళీ కట్టారు. కెరటాల మీద మసూలాను ఫోటో తీసే సాధనం అందేసరికి దానికి ప్రయాణికులు తగ్గిపోసాగారు. వీలె అండ్ క్లైన్ లాంటి స్టూడియోల కాలానికి అది పోస్టుకార్డు వింతగా మిగిలింది.

వేట పడవగా మాత్రం అది చాలాకాలం బతికింది. భీమిలి వైపూ, ఒడిశా తీరంలోనూ అలివి వల లాగడానికి కుట్టు పడవలు వాడారు. పూరీలో పెంటకోట అనే పేట మన తెలుగు జాలర్లదే. పరిశోధకులు జేమ్స్ హోర్నెల్ 1920లో, ఎరిక్ కెంట్లీ 1980లలో ఈ పడవల్ని శ్రద్ధగా రాసిపెట్టారు. ఆ తర్వాత ఫైబర్ పడవలు వచ్చాయి. అవి జాలరికి మేలు చేశాయి, అందులో సందేహం లేదు. పోయింది కుట్టే చెయ్యి. ఒక తరం కుట్టడం మానేస్తే తర్వాతి తరానికి ఏ బిగువున లాగాలో చెప్పేవాళ్ళుండరు, కొలతల పుస్తకం ఆ బిగువును నేర్పలేదు.

ఇంకా బాధ కలిగించేది మరొకటి. ఇన్ని బొమ్మల్లో, ఇన్ని ఫోటోల్లో కోట పేరు ఉంది, ఓడ పేరు ఉంది, గీసినవాడి పేరు ఉంది. నేను చూసినంతవరకు తండేలు పేరు లేదు. ఎందుకంటే ఆ తండేళ్ళను చూసినవాళ్ళు దారిలో చూశారు, దాటగానే వెళ్ళిపోయారు.

ఉండిపోయి చూస్తే ఏమవుతుందో మన ఉట్నూరు ప్రాంతానికి తెలుసు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో కాపురమున్నాడు, గోండీ నేర్చుకున్నాడు, వేల ఫోటోలు తీశాడు. గోదావరి కొండల్లో రెడ్ల మధ్యా ఉండి 1945లో వాళ్ళ మీద పుస్తకం తెచ్చాడు. ఆ ఫోటోలు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్‌లో ఉన్నాయి. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది, ఇప్పటికీ ఏటా జనవరి 11న ఊరు ఆమెను తలుచుకుంటుంది. ఫోటో తీసినవాళ్ళను ఊరే తనవాళ్ళుగా గుర్తుపెట్టుకోవడం కంటే ఆ పనికి పెద్ద ప్రశంస లేదు.

మన తీరానికి అలాంటి పని ఇంకా బాకీ ఉంది. భీమిలిలో, పెంటకోటలో కుట్టు పడవ నడిపిన పెద్దలు మిగిలి ఉంటే వాళ్ళ దగ్గరికి పాత ఫోటోలు పట్టుకెళ్ళాలి. పడవలో ఎవరు ఏ చోట కూర్చునేవారు, తాడు ఎవరు పేనేవారు, తెడ్డు వేస్తూ ఏ పాట పాడేవారు అని అడిగి రాసుకోవాలి. ఆ ఫోటోల కింద ఇకమీదట పడవ పేరు ఒక్కటే ఉంటే చాలదు, నడిపినవాళ్ళ పేర్లూ ఉండాలి.